గుసగుస విన్న చెవికి రుజువు కావాలట!



యతిప్రాసల మీద మొదలుపెట్టిన వ్యాసపరంపరను ఈ వారానికి ఆపి, మరొక సంగతి రాస్తున్నాను. ఛందస్సు కోసం వచ్చినవారు మన్నించాలి.

కిందటి ఆదివారం నా పూర్వవిద్యార్థి ఒకడు కాగితాల కట్ట పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పేరు రాయవద్దన్నాడు కనుక రాయను. 1988లో సైన్యంలో చేరి, గోల్కొండలోని ఆర్టిలరీ సెంటరులో శిక్షణ పొంది, ఇరవైనాలుగేళ్ళు ఫిరంగి దళంలో కొలువు చేసి, 2012లో హవల్దారుగా విరమించినవాడు. 1999లో కార్గిల్ కొండల మీదికి గుండ్లు పేల్చిన దళాలలో అతడిదీ ఒకటి.

గుమ్మంలో నిలబడి “మాస్టారూ” అన్నాడు. “రా నాయనా, కూర్చో” అన్నాను. కూర్చోలేదు, నా పెదవులకేసి చూస్తూ నిలబడ్డాడు. రెండోసారి కాస్త గట్టిగా అన్నాను. అప్పుడు తల ఊపి, “మీ నోరు కనబడేచోట కూర్చుంటాను మాస్టారూ” అని కుర్చీ నాకెదురుగా జరుపుకున్నాడు. ఒకప్పుడు తరగతిలో ఆఖరి బల్లమీద కూర్చుని, నేను మెల్లగా చెప్పిన శ్లేషకు కూడా అందరికన్నా ముందు నవ్విన పిల్లవాడు అతడే.

అతడు తెచ్చిన కాగితాలన్నిటి సారాంశం ఒక్క మాట. ఇంగ్లీషులో నాలుగు పొడి అక్షరాలు: ఎన్.ఏ.ఎన్.ఏ. కలిపి చదివితే ‘నానా’. సైనికుల వైకల్య పింఛను దస్త్రాలలో ఇది నిత్యం వాడే మాటే. ఈ లోపం సైనికసేవ వల్ల కలిగినదీ కాదు, సైనికసేవ వల్ల ముదిరినదీ కాదు అని దాని తాత్పర్యం. తెలుగులో ‘నానా’ అంటే రకరకాలు అని అర్థం. నానా తంటాలు, నానా యాతన అంటాము. ఇంగ్లీషు దస్త్రంలో పుట్టిన మాటకు తెలుగు అర్థం ఇంతగా అతకడం నేను వేరే ఎక్కడా చూడలేదు.

ఇరవైనాలుగేళ్ళు ఫిరంగి పక్కన నిలబడిన మనిషికి చెవుడు వస్తే, దానికీ ఫిరంగికీ సంబంధం లేదని ఆ కాగితం అంటోంది. ఈ టపాలో నేను వాదించదలచుకొన్నది ఒక్కటే. ఆ సంబంధాన్ని నిరూపించవలసిన బాధ్యత సైనికుడిది కాదు. లేదని నిరూపించవలసిన బాధ్యత ఫిరంగి పేల్చమన్నవారిది.

ఇందుకు నా మొదటి సాక్ష్యం ప్రభుత్వం వారి దగ్గరే ఉంది. సైన్యంలో చేరబోయే కుర్రవాడికి చెవి పరీక్ష చేస్తారు. వైద్యుడు 610 సెంటీమీటర్ల దూరంలో, అంటే ఇరవై అడుగుల అవతల నిలబడి గుసగుసగా పలుకుతాడు. కుర్రవాడు వెనుదిరిగి ఉంటాడు కనుక పెదవుల కదలిక కనబడదు. ఒక్కొక్క చెవితో విడివిడిగా విని, విన్న మాటను తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే ఇంటికి పంపించేస్తారు. మా జిల్లాలో మొదటి ప్రపంచయుద్ధం నాటినుంచి సైనికులను పంపుతున్న మాధవరం అనే ఊరుంది. మిలిటరీ మాధవరం అనే అంటారు. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా ఎంపికకు పోయి చెవి దగ్గర తప్పి తిరిగివచ్చిన కుర్రవాళ్ళు తగులుతారు. అంటే ఏమన్నమాట? దొడ్డి చెవులతో ఎవరూ సైన్యంలో చేరలేరు. గుసగుస వినగల చెవినే ఏరి తీసుకొంటారు. తీసుకొన్నట్టు రాసి పెట్టుకొంటారు.

అటువంటి చెవిని తీసుకొని, ఇరవైనాలుగేళ్ళు వాడుకొని, చివరికి నలభైమూడేళ్ళ వయసులో కేక వేస్తేగాని వినపడని చెవిని తిరిగి ఇచ్చారు. ఇచ్చి, ఈ తేడా ఎలా వచ్చిందో నువ్వే చెప్పమంటున్నారు. పెళ్ళికి అరువిచ్చిన గుండిగ సొట్టపడి తిరిగివస్తే, సొట్ట తమ ఇంట్లో పడలేదని చెప్పుకోవలసింది అరువు తీసుకొన్నవారా, ఇచ్చినవారా? మా ఊళ్ళో ఏ గృహిణిని అడిగినా తీర్పు చెబుతుంది.

ఇక ఫిరంగి సంగతి. శబ్దాన్ని డెసిబెళ్ళలో కొలుస్తారు. ఇది మామూలు కూడికల లెక్క కాదు. మూడు డెసిబెళ్ళు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. కర్మాగారాలలో రోజుకు ఎనిమిది గంటలపాటు 85 డెసిబెళ్ళు దాటకూడదని నిపుణుల మాట. తుపాకి పేలుడు వంటి క్షణికశబ్దానికి 140 హద్దు. 155 మిల్లీమీటర్ల ఫిరంగి పేలినప్పుడు దాని దగ్గర నిలబడ్డవారి చెవికి తగిలేది 170 దాటుతుంది. మన సైన్యం 1986లో ఒప్పందం చేసుకొని కొన్న బోఫోర్స్ ఫిరంగి ఆ కొలతదే. కార్గిల్‌లో గెలుపుకు అది ఎంత సాయపడిందో పత్రికలు వేనోళ్ళ పొగిడాయి. దాని పక్కన నిలబడినవారి చెవుల గురించి నేనైతే ఎక్కడా చదవలేదు.

లోపలిచెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక గది ఉంటుంది. అందులో పుట్టుకతో సుమారు పదిహేనువేల రోమకణాలు ఉంటాయి. శబ్దతరంగం వస్తే గాలికి వరిచేను ఊగినట్టు వాటి మీది రోమాలు ఊగుతాయి. ఆ ఊపే నరానికి వార్త అవుతుంది. మితిమీరిన మోతకు, గాలివానకు చేను పడిపోయినట్టు, అవి ఒరిగి చచ్చిపోతాయి. పడిన చేను మళ్ళీ లేచినా లేస్తుందేమోగాని, మనిషి చెవిలో చచ్చిన రోమకణం మళ్ళీ మొలవదు. మందు లేదు, శస్త్రచికిత్స లేదు. పైగా వార్త ఆగిపోయిన చోట మెదడు తానే ఒక శబ్దం కల్పించుకొంటుంది. దాన్నే చెవిలో హోరు అంటాము. నా శిష్యుడికి అది రాత్రింబవళ్ళు కీచురాయి పాట. “కరెంటు పోయినప్పుడు మీ అందరికీ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది కదా మాస్టారూ, నాకు అప్పుడే ఎక్కువ గోల” అన్నాడు.

మోతవల్ల వచ్చే చెవుడుకు ఒక స్వభావం ఉంది. అది అన్ని స్వరాలనూ సమంగా తినదు. మొదట 4000 హెర్ట్జ్‌ల దగ్గర, అంటే హెచ్చుస్థాయి శబ్దాల దగ్గర గొయ్యి తవ్వుతుంది. వినికిడి పరీక్ష చేసి గీసిన గీతలో ఆ గొయ్యి స్పష్టంగా కనబడుతుంది. వృద్ధాప్యంవల్ల వచ్చే చెవుడులో గీత పైస్థాయికి పోయినకొద్దీ దిగజారుతూ పోతుంది. మోత చెవుడు తొలిదశలో మాత్రం గొయ్యి దాటాక గీత మళ్ళీ కొంత లేస్తుంది. కనుక “అది వయసుతో వచ్చింది” అని నోటికి వచ్చినట్టు అనడానికి వీలులేదు. గీతలు చదవడం వచ్చిన వైద్యుడికి ఆ తేడా తెలుసు.

ఇక్కడ నా చదువు కొంత పనికివస్తుంది కనుక చెబుతాను. తెలుగు పండిత శిక్షణలో వర్ణోత్పత్తి ప్రకరణం అందరం వల్లించినదే. అచ్చులు నాదప్రధానాలు, కిందిస్థాయి శబ్దాలు, బలమైనవి. క చ ట త ప అనే పరుషాలూ, శ ష స అనే ఊష్మాలూ శ్వాసంమీద నడిచేవి, బలహీనమైనవి, హెచ్చుస్థాయివి. ఫిరంగిమోత తినేది సరిగ్గా వీటినే. మాటకు వినికిడి అచ్చువల్ల, అర్థం హల్లువల్ల కలుగుతాయి. పాలు, కాలు, చాలు, తాలు అనే నాలుగు మాటలు తీసుకోండి. మొదటి హల్లు తీసేస్తే నాలుగూ ‘ఆలు’ అవుతాయి. నా శిష్యుడు వినేది ఆ ‘ఆలు’నే. ఇంట్లో భార్య “చాలా?” అని అడిగితే పాలు పోస్తానంటోందనుకొని గ్లాసు ముందుకు జరుపుతాడట. పిల్లలు నవ్వుతారట. మొదట్లో అతడూ నవ్వేవాడట.

ఇంకొక చిక్కు. మన భాష అజంతం. మాట చివర అచ్చు నిలుస్తుంది. ఆ అచ్చు అతడికి వినబడుతుంది. కాబట్టి ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమి మాట్లాడుతున్నారో తెలియదు. పిలిస్తే తిరిగి చూస్తాడు, చెప్పింది ఒకటైతే ఇంకొకటి చేస్తాడు. “చెవుడేమిటి, పిలిస్తే పలుకుతున్నాడుగా!” అని ఊరివాళ్ళు, “పొగరు, విని కూడా విననట్టు ఉంటాడు” అని చుట్టాలు. మాజీ సైనికులకు 2003 నుంచి ఉన్న ఆరోగ్యపథకంలో వినికిడియంత్రం ఇస్తారు, కాదనను. కాని యంత్రం శబ్దాన్ని పెద్దది చేస్తుంది, పోయిన హల్లును తిరిగి తెచ్చి పెట్టదు. బజారులో యంత్రం పెట్టుకొంటే అన్ని హారన్లూ రెట్టింపు మోగుతాయి. మనిషి మాట మాత్రం అక్కడే ఉంటుంది.

ఇప్పుడు న్యాయం మాట. 1982నాటి నిబంధనలలో సైనికుడికి అనుకూలమైన వాక్యాలే ఉన్నాయి. హక్కును నిరూపించుకొమ్మని అభ్యర్థిని అడగకూడదు, సందేహం ఉంటే ఆ లాభం అతడికే ఇవ్వాలి అన్నది వాటి సారం. 2013 జులైలో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్నే తేటతెల్లం చేసింది. చేరిననాడు రోగం ఉన్నట్టు రాసిపెట్టకపోతే, తరువాత వచ్చినది సేవవల్లనే వచ్చిందని భావించాలి; కాదంటే రుజువు చేయవలసినవాడు యజమాని; వైద్యమండలి కారణాలు రాయకుండా కాదు పొమ్మంటే చెల్లదు అన్నది. ఇంతకన్నా స్పష్టంగా ఏ న్యాయస్థానమైనా ఏమి చెప్పగలదు? నా శిష్యుడి కాగితాలలో కారణం అనే గడిలో ‘నానా’ అన్న మాట తప్ప మరో ముక్క లేదు. అడిగినదానికి జవాబు రాయకుండా ప్రశ్ననే తిరిగి రాసిన విద్యార్థికి మేమైతే సున్న వేసేవాళ్ళం.

2008లో వచ్చిన నిబంధనలు మరొక మెలిక పెట్టాయి. మామూలుగా అభ్యర్థి రుజువు చేయనక్కరలేదట. కాని సేవనుంచి బయటికి వచ్చిన 15 ఏళ్ళ తరువాత అడిగితే రుజువు భారం అతడిదేనట. విరిగిన కాలికి ఈ నియమం సబబే కావచ్చు. కాలు ఎప్పుడు విరిగిందో ఊరందరికీ తెలుస్తుంది. చెవి అలా పోదు. దొంగ ఒక్కొక్క ఇటుకే తీసుకుపోతున్నట్టు పోతుంది. ముప్ఫయ్యేళ్ళప్పుడు పోయిన కణాల లోటు యాభై దాటాక, వయసు లోటు కూడా వచ్చి కలిశాక, అప్పుడు పూర్తిగా బయటపడుతుంది. పోయినట్టు తెలిసేనాటికి గడువూ పోతుంది.

ఇది చాలదన్నట్టు 20 శాతం అనే కంచె ఒకటుంది. సేవాకాలం పూర్తిచేసుకొని వచ్చినవాడి వైకల్యం 20 శాతానికి తగ్గితే, అది సేవవల్ల వచ్చిందని ఒప్పుకొన్నా పైసా రాదు. 20 ఉంటే దాన్ని 50గా లెక్కించాలని 2001 జనవరినాటి ప్రభుత్వ ఉత్తరువు, దాన్ని విస్తరించిన 2014నాటి సుప్రీంకోర్టు తీర్పు చెబుతున్నాయి. నూరు శాతానికి ఆఖరి జీతంలో 30 శాతం కనుక 50కి 15 శాతం వస్తుంది. అంటే 20కి యాభై, 19కి సున్న. నా శిష్యుడికి వేసినది 11 నుంచి 14. ఇరవై అడుగుల గుసగుస విన్నవాడు ఎదురు కుర్చీలో మాట వినలేకపోవడం నూటికి పద్నాలుగట! 20కి తక్కువైతే ఏమీ లేదని 2019లో సుప్రీంకోర్టే అన్నదని నాకు చెప్పకండి. నిబంధన అలా ఉంది కనుక కోర్టు అలా అన్నది. నా పోరు నిబంధనతో.

ఇందులో ఇంకొక అన్యాయం చూడండి. వైకల్యంవల్ల మధ్యలోనే సేవనుంచి పంపివేయబడినవాడి లోపాన్ని 20కి మించినదిగానే భావించాలని 2014లో సుఖ్‌విందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే, ఆ తీర్పు చెప్పినవారికి దండం పెడతాను. మరి చెవి పోతున్నా నోరు మెదపక, ఆజ్ఞ వినబడనిచోట పక్కవాడి చెయ్యి చూసి పని చేస్తూ, చివరిరోజుదాకా ఫిరంగి వదలనివాడి మాట? వాడికి ఆ కంచె అలాగే ఉంది. మధ్యలో కూలినవాడికి దక్కినది చివరిదాకా నిలబడినవాడికి దక్కదు. నిలబడడం నేరమా?

అవతలివైపు వాదాలు నాకు తెలియనివి కావు. ఒక్కొక్కటే తీసుకొంటాను.

“చెవుల్లో బిరడాలు పెట్టుకోవలసింది” అంటారు. పెట్టుకొంటే ఆజ్ఞ ఎలా వినాలి? ఫిరంగి పక్కన ఆరేడుగురు ఒక్కమాట మీద కదలాలి. ఒక్క అంకె తప్పు వింటే గుండు మనవాళ్ళ మీదే పడుతుంది. ఏ సైనికుణ్ణి అడిగినా చెబుతాడు: బిరడాలు తనిఖీ రోజున చెవిలో, మిగతా రోజులలో జేబులో.

“ఇష్టపడే చేరాడు కదా, పింఛను వస్తోంది కదా” అంటారు. చేరింది ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడి. అంతమాత్రాన చెవి ఉచితమని ఎక్కడ సంతకం పెట్టాడు? ఆ పింఛను ఇరవైనాలుగేళ్ళ కొలువుకు. చెవికి వెల అందులో లేదు. పింఛను యజమాని దయతలచి వేసే భిక్ష కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పిననాటినుంచి మా ఉపాధ్యాయులందరం ఆ తేదీని పింఛనుదార్ల దినంగా జరుపుకొంటూనే ఉన్నాము. మాకు వర్తించిన నీతి వాడికి వర్తించదా?

“దుర్వినియోగం జరుగుతోంది” అన్నది మూడోది, బరువైనది. 2023లో కాగ్ నివేదిక వచ్చింది. వైకల్య పింఛనుతో విరమించేవారి నిష్పత్తి జవానులలో కంటే అధికారులలో రెట్టింపుకు మించి ఉందని, జీవనశైలి వ్యాధుల పేరిట వచ్చేవి ఎక్కువయ్యాయని అందులో ఉంది. ఆ ఏడు సెప్టెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి. దొంగ వైకల్యాలను పట్టుకోవద్దని నేననను, పట్టుకోండి. కాని రక్తపోటుకూ మధుమేహానికీ వేసే అనుమానపు చూపునే చెవుడు మీద కూడా వేయడం ఏమి తర్కం? ఉప్పు ఎక్కువ తిన్నాడని రక్తపోటును అనుమానించవచ్చు. ఫిరంగి ఎక్కువ విన్నాడని చెవుడును అనుమానిస్తారా? ఫిరంగి ఎవరి జీవనశైలి? ఎవరో కొందరు పెద్దలు కంచం నిండా వడ్డించుకొన్నారని, బంతి చివర కూర్చున్న గన్నరుకు విస్తరి తీసేయడం అన్నమాట ఇది.

ఇతర దేశాలు ఏమి చేస్తున్నాయో చూద్దాము. అమెరికాలో మాజీ సైనికులకు పరిహారం ఇచ్చే వైకల్యాల జాబితాలో చెవిలో హోరూ, వినికిడి లోపమూ ఏటా మొదటి వరుసలో ఉంటాయి. అక్కడ 20 శాతం కంచె లేదు. ఒక్క హోరుకే 10 శాతం కట్టి నెలనెలా ఇస్తారు. అంతకన్నా నాకు నచ్చినది మరొకటుంది. ఏ సైనిక వృత్తిలో ఎంత మోత ఉంటుందో ముందే జాబితా వేసి పెట్టుకొన్నారు. మోత తప్పనిసరి అనదగిన వృత్తి అయితే, మోత తగిలిందని ఆ శాఖే ఒప్పేసుకొంటుంది. సైనికుడు దానికి వేరే సాక్ష్యం తేనక్కరలేదు. మనవాళ్ళు ఇంత పెద్ద సైన్యాన్ని నడుపుతూ అటువంటి ఒక్క జాబితాను పింఛను నిర్ణయానికి ఆధారం చేయలేరా? ఆ దేశంలోనే సైనికులకు అమ్మిన చెవిబిరడాలు పనిచేయలేదని రెండు లక్షలకు పైగా దావాలు పడితే, తప్పు ఒప్పుకోకుండానే త్రీఎం కంపెనీ 2023 ఆగస్టులో సుమారు 600 కోట్ల డాలర్లకు రాజీపడింది. అమెరికావాడు చేసిందల్లా ఒప్పని నేననను. కాని చెవికి వెల ఉంటుందని అక్కడ ఒప్పుకొన్నారు.

మన దగ్గర మాత్రం దారి ఇది. మొదటి అప్పీలు, రెండో అప్పీలు, ఆ పైన సాయుధదళాల ట్రిబ్యునలు. 2007 చట్టంతో వచ్చి 2009లో పని మొదలుపెట్టిన ఆ ట్రిబ్యునలు మంచి తీర్పులే ఇస్తోంది. కాని మా జిల్లా వాడు ఆ గడప తొక్కాలంటే చెన్నై బెంచీకి సంబంధించినవాడు. వకీలు వాదిస్తుంటే బోనులోనో బల్లమీదో కూర్చుని, తన చెవుడు గురించి జరిగే వాదనలో ఒక్క ముక్కా వినబడక దిక్కులు చూసే మనిషిని ఊహించుకోండి. గెలిచాడే అనుకోండి, ఆపైన ప్రభుత్వం మళ్ళీ పైకి పోతుంది. వైకల్యం గల సైనికుల మీద ఇలా అప్పీళ్ళమీద అప్పీళ్ళు వేయడం మానుకొమ్మని 2015లో రక్షణమంత్రి మనోహర్ పారికర్ వేసిన నిపుణుల సంఘమే చెప్పింది. ఆ నివేదిక వచ్చిన తరువాత కూడా వైకల్య పింఛను కేసులలో ప్రభుత్వం పైకోర్టులకు పోతూనే ఉంది. చెవిటివాని ముందు శంఖమూదినట్టు అని మన సామెత. ఇక్కడ శంఖమూదుతున్నవాడూ చెవిటివాడే. వినవలసినవాడు మాత్రం చెవులుండి విననివాడు.

ఇది ముసలి సైనికుల గోడు మాత్రమే అని తోసేయకండి. 2022లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ళ కొలువు, పింఛను లేదు. సేవవల్ల వైకల్యం వస్తే 50, 75, 100 అని మూడు మెట్లు కట్టి 15, 25, 44 లక్షలు ఒక్కసారిగా ఇస్తారు. బాగానే ఉంది. కాని నాలుగేళ్ళు ఫిరంగి పక్కన నిలబడిన కుర్రవాడి చెవి ఇరవైరెండో ఏట పైకి బాగానే కనబడుతుంది. దాని లెక్క నలభయ్యో ఏట తేలుతుంది. అప్పుడు వాడు ఏ కంపెనీ గేటు దగ్గరో కాపలా ఉంటాడు. ఏ గడప ఎక్కి ఏ కాగితం చూపిస్తాడు? ఈరోజు మన ఊళ్ళ రోడ్లమీద తెల్లవారుజామున పరుగు సాధన చేస్తున్న పిల్లల సంగతి ఇది.

విమర్శించి ఊరుకోవడం మా పండితుల జబ్బు అంటారు కనుక, ఏమి చేయాలో కూడా చెబుతాను.

ఒకటి. ఫిరంగిదళం, టాంకుదళం, విమానాల రన్‌వే మీద పనిచేసేవారు, ఓడ ఇంజను గదిలో పనిచేసేవారు, ఇటువంటివారందరి వృత్తులకూ మోత జాబితా వేయాలి. ఆ జాబితాలో ఉన్నవాడి చెవుడు సేవవల్ల వచ్చినట్టే. కాదంటే కాదన్నవారు రుజువు చేయాలి.

రెండు. అటువంటివారికి ఏటేటా వినికిడి గీత తీయాలి. విరమించేరోజున చేరిననాటి గీతా ఆఖరి గీతా రెండూ అతడి చేతిలో పెట్టి పంపాలి. దస్త్రం యజమాని బీరువాలో, రుజువు భారం సైనికుడి నెత్తిన, ఇది చెల్లదు.

మూడు. వినికిడికి 20 శాతం కంచె తీసేయాలి. 14 శాతం పోతే 14 శాతానికి తగినదే ఇవ్వండి, యాభై అడగడంలేదు. హోరును కూడా లెక్కలో కలపాలి.

నాలుగు. పదిహేనేళ్ళ గడువు చెవుడుకు వర్తించకూడదు. ట్రిబ్యునలులో గెలిచిన చెవిటి సైనికుడి మీద మళ్ళీ అప్పీలు వేయకూడదు.

వీటికి ఎంత ఖర్చవుతుందని అడిగేవారుంటారు. ఒక దేశం ఫిరంగి కొన్నప్పుడు గుండ్ల ఖర్చు లెక్కవేస్తుంది, చక్రాల ఖర్చు లెక్కవేస్తుంది, అరిగిన గొట్టం మార్చే ఖర్చు కూడా లెక్కవేస్తుంది. ఎన్ని గుండ్లు పేల్చాక గొట్టం మార్చాలో దానికి పుస్తకం ఉంటుంది. పక్కన నిలబడినవాడి చెవి ఎన్ని గుండ్లకు అరుగుతుందో కూడా ఆ పుస్తకంలోనే ఒక గీత గీసి రాసుకొంటే సరిపోతుంది.

నా శిష్యుడు సాయంత్రందాకా ఉన్నాడు. పిటిషను మొదట తెలుగులో రాసి ఇచ్చాను, ఇంగ్లీషు చేయించుకొంటానన్నాడు. “1988లో ఇరవై అడుగుల దూరంనుంచి గుసగుస విన్నాను కనుక నన్ను చేర్చుకొన్నారు” అన్న వాక్యంతో మొదలుపెట్టాను. అతడు దాన్ని రెండుసార్లు చదువుకొని, “ఆ డాక్టరుగారు ఆరోజు ఏమన్నారో నాకు ఇప్పటికీ జ్ఞాపకం మాస్టారూ” అన్నాడు. ఏమన్నారని అడిగాను. నా వైపు చూడకుండా కాగితాలు సర్దుకొంటున్నాడు. నా ప్రశ్న వినబడలేదు. మళ్ళీ అడగబుద్ధి కాలేదు.

మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో ఇటువంటివారుంటే చేరిననాటి వైద్యపరీక్ష కాగితం నకలు వెంటనే అడగమనండి. సమాచారహక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. గడువు దాటకముందే అడగమనండి. ఈ సంగతిలో నాకన్నా ఎక్కువ తెలిసినవారు వ్యాఖ్య రాస్తే, తప్పులుంటే దిద్దితే, ఆ మాట అతడికి అందజేస్తాను. చెప్పి కాదు, రాసి.

యతిప్రాసలు వచ్చేవారం.

స్వస్తి.